లాప్‌టాప్‌కు డబ్బుంది, కుర్చీకి లేదా?

విష్ణుపురి ఎస్‌జీజీఎస్ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చిందంటే చాలు, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు మనవాళ్లు ఖరీదైన లాప్‌టాప్ కొంటారు. బల్ల, కుర్చీ మాటే ఎత్తరు. పిల్లవాడు మంచం మీదే ప్రోగ్రాములు రాస్తాడు. మెడ పట్టేశాక రోగన్ ఇమ్మని మా దగ్గరికి వస్తారు. మర్దనతో ఉపశమనం ఉంటుంది, కారణం మాత్రం పోదు. యునానీ చెప్పే ఆరు అవసరాల్లో శరీర కదలిక, విశ్రాంతి ఒకటి.

లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కునే ఉంటాయి. చేతులకు అనువుగా పెడితే మెడ వంగుతుంది. అందుకే హంగులు మాని, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు యంత్రం చాలనుకోండి. మిగిలిన డబ్బుతో వెన్ను ఆనే కుర్చీ, విడి కీబోర్డు, మౌస్ కొనండి. లాప్‌టాప్‌ను లావుపాటి పుస్తకాలపై కంటి ఎత్తుకు లేపండి (పాత గైడ్లు ఇలాగైనా పనికొస్తాయి!). అరగంటకోసారి లేచి నడవాలి. చేతులు తిమ్మిరెక్కుతుంటే నూనె పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి.