నాలుగు దారులు

మొన్న మా నాయిన ఊరినుంచి వచ్చారు. చార్మినార్ చూపించమంటే ఆటోలో తీసుకుపోయాను. కమాను కింద నిలబడి నాలుగు వైపులా చూసి, "ఈ నాలుగు తొవ్వలు యాడికి పోతయి బిడ్డా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. "అయిదేండ్ల సంది ఈ పట్నంలనే ఉంటివి గదా!" అన్నారు నవ్వుతూ. పరీక్ష తప్పినప్పుడు కూడా నాకంత సిగ్గు వేయలేదు.

నిజం చెప్పొద్దూ, డిగ్రీ మూడేళ్లు, ఎం.ఏ. రెండేళ్లు కలిపి నాకు తెలిసిన హైదరాబాదు హాస్టలు, ఆర్ట్సు కాలేజీ, తార్నాక చౌరస్తా, కోఠీలో పాత పుస్తకాల దుకాణాలు. మిగతా ఊరంతా బస్సు కిటికీలోంచి చూసిందే. అందుకని ఒక శని, ఆదివారాలు నేనూ నా రూమ్మేటూ కాలినడకన బయల్దేరాం.

శనివారం సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం చూశాం. 1901లో, నిజాం పాలనలో, తెలుగు కోసం వెలసిన గ్రంథాలయమది. పుస్తకాల బేరానికి ఆ చుట్టుపక్కల ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఒక్కసారైనా లోపల అడుగు పెట్టలేదు. పైగా నేను తెలుగు ఎం.ఏ. విద్యార్థిని!

అక్కడినుంచి అఫ్జల్‌గంజ్ నడిచాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దానిపైకెక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారట. ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చెట్టు నీడన నిలబడితే, ఆ పక్కనే ఉన్న మూసీని ముక్కు మూసుకుని దాటే మన అలవాటు ఎంత చిన్నదో తెలిసింది.

ఆదివారం పాతబస్తీ. "అక్కడికెందుకురా? జాగ్రత్త" అని హాస్టల్లో నలుగురు హెచ్చరించారు. ఆ నలుగురిలో ఒక్కరూ అటువైపు నడిచినవారు కాదు. నయాపూల్ దాటి పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్ చేరి, లాడ్ బజారు సందుల్లో దారి తప్పాం. లక్కగాజులకు రాళ్లు అద్దుతున్న ఒక పెద్దాయన పని ఆపి, మంచినీళ్లిచ్చి, మలుపు దాకా తోడు వచ్చారు. మా ఉర్దూ అంతంతమాత్రం, ఆయన తెలుగూ అంతే. మాటలకు మాత్రం లోటు రాలేదు. చూడని చోటును గురించి భయపెట్టడం ఎంత తేలికో ఆ రోజు బోధపడింది.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఇది షికారు కాదు. ఒక పాత భవనం కూలితే పేపర్లో చదివి "అయ్యో" అంటాం, పేజీ తిప్పేస్తాం. ఎన్నడూ చూడనిది పోతే బాధ ఎక్కడినుంచి వస్తుంది? రేపు ఈ నగరంలోనే టీచర్లమో, ఆఫీసర్లమో, విలేఖరులమో అవుతాం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మనమే తేల్చాల్సి వస్తుంది. తెలియని ఊరికి ఏం న్యాయం చేస్తాం?

తీరిక లేదంటారా? సినిమాకు దొరికే తీరికే ఇది. ఎండా, ట్రాఫిక్కూ అంటారా? పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే సరి. అమ్మాయిలు ఒంటరిగా ఎలా తిరుగుతారంటారా? అందుకే విద్యార్థిసంఘం పూనుకోవాలంటున్నాను. ఏటా కొత్తగా చేరినవాళ్లను ఒక శని, ఆదివారాలు గుంపులుగా నడిపించండి. చరిత్ర, తెలుగు, ఉర్దూ శాఖల అధ్యాపకులు వెంట వస్తే అంతకంటే మంచి క్లాసు ఉండదు. ఖర్చంటారా, బస్సు ఛార్జీ, ఇరానీ చాయ్. అంతే.

ఆ రాత్రి నాయినకు ఫోన్ చేశాను. ఉత్తరం దారి నయాపూల్‌కు, పడమర లాడ్ బజారుకు, దక్షిణం శాలిబండకు, తూర్పు సర్దార్ మహల్ వైపు అని అప్పజెప్పాను. "మంచిది బిడ్డా. ఈసారి వస్తె ఆటో వద్దు, నడుసుకుంటనే పోదాం" అన్నారు.