మూట చేతికివ్వండి!

మా నాన్న కూలీని చేనికి పంపితే విత్తనాల మూట చేతికిచ్చి పంపుతాడు. రచ్చబండ మీద పెట్టి తీసుకోమనడు. సీ భాషలో కాల్‌బ్యాక్‌లు రాసే మనం మాత్రం సమాచారాన్ని గ్లోబల్ వేరియబుల్ అనే రచ్చబండ మీదే పడేస్తున్నాం. లాబ్‌లో నడుస్తుంది, మార్కులూ వస్తాయి. రెండు థ్రెడ్లు ఒక్కసారే చెయ్యి పెడితే? ఒకరి విత్తనం ఇంకొకరి చేలో!

తప్పంతా మనది కాదు. 1989 ప్రమాణపు క్యూసార్ట్‌లో పోల్చే ఫంక్షన్‌కి రెండు వస్తువుల చిరునామాలే అందుతాయి, మన మూటకి చోటే లేదు. పోసిక్స్ 2024లో క్యూసార్ట్ ఆర్‌ని చేర్చి ఆ లోటు తీర్చింది.

మిత్రులారా! కాల్‌బ్యాక్ పుచ్చుకునే ఫంక్షన్ రాస్తే, పక్కనే ఒక వాయిడ్ పాయింటర్ తీసుకొని కాల్‌బ్యాక్‌కి అందించండి. పని ముగిసేదాకా ఆ మూటని బతికించుకోండి. గురువుగార్లకు మనవి: ఈ పాఠం మొదటి లాబ్‌లోనే చెప్పండి.