విజిట్ వీసా మీద కూలి పనికా?

కోరుట్లలో నాది జిరాక్స్ దుకాణం. గల్ఫ్‌కు పోయే పిల్లల కాగితాలు రోజూ నా చేతుల మీదుగానే పోతుంటాయి. మొన్న సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) పని మానేసిన కుర్రాడొకడు వచ్చాడు. వీసా మీద ‘టూరిస్ట్’ అని ఉంది. ఏజెంటు ఇచ్చిన చీటీలో మాత్రం ‘క్లీనింగ్ పని’ అని రాసి ఉంది.

పదో తరగతి పాస్ కానివాళ్లది ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) పాస్‌పోర్టు. పనికి గల్ఫ్ వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి, ఉద్యోగ ఒప్పందం, 10 లక్షల బీమా ఉండాలి. రెండేళ్ల బీమాకు అయ్యేది 275 రూపాయలే. విజిట్ వీసా మీద పోతే ఈ మూడూ ఉండవు. అక్కడ చెయ్యి విరిగినా, జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

సెలవులకు వెళ్లి పని కూడా చేసుకోనిచ్చే వీసాలు వేరే దేశాల్లో లేకపోలేదు. ఆస్ట్రేలియా 18–30 ఏళ్ల భారతీయులకు ఏటా 1,000 ‘వర్క్ అండ్ హాలిడే’ వీసాలు లాటరీ తీసి ఇస్తోంది. దానికి కాలేజీ చదువు, ఇంగ్లిష్, బ్యాంకులో డబ్బు కావాలి. సాంచెల కుర్రాడికి అవెక్కడివి?

లైసెన్సున్న ఏజెంటైనా సేవా రుసుము 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఈ సంగతి ఊళ్లో ఎందరికి తెలుసు? జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో ఈ-మైగ్రేట్ (ప్రభుత్వ వలస పోర్టల్) కౌంటర్లు పెట్టండి. ఏజెంటు లైసెన్సు, ఒప్పందం అక్కడే పరిశీలించి చెప్పండి. గల్ఫ్‌లో చనిపోయాక ప్రభుత్వం ఇంటికిచ్చే 5 లక్షల సాయం కన్నా, విమానం ఎక్కకముందు చెప్పే ఆ మాటే మేలు.