అమ్మకు ఏ కత్తి కొనాలి?

మా అమ్మది 30 ఏళ్ల కత్తిపీట సర్వీసు. కింద కూర్చుని, పీటను కాలితో అదిమిపట్టి, కళ్లు సీరియల్ మీద పెట్టి కిలో బెండకాయలు చకచకా తరిగేసేది. పోయినేడాది మోకాళ్లు అరిగాయి, కింద కూర్చోవద్దన్నారు డాక్టర్. ఇక నిలబడి, ఇంట్లో ఉన్న పళ్లు కోసే చాకుతో కుస్తీ. నెల తిరక్కుండా రెండుసార్లు వేలు తెగింది. రెండోసారి మూడు కుట్లు. ఫోన్లో మాత్రం "ఏం లేదురా, కాస్త గీసుకుంది" అంది. ఊరెళ్లి కట్టు చూశాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు.

ఇంజినీర్ బుర్ర ఊరుకుంటుందా? కొత్త ఫోన్ కొనేటప్పుడు చూసినట్టే స్పెక్స్ ముందేసుకుని కూర్చున్నా. సేల్‌లో 12 కత్తుల సెట్టు కనిపిస్తే చెక్క స్టాండుతో సహా ఆర్డర్ పెట్టేశా. అందులో ఆరు స్టేక్ కోసే కత్తులే. మా ఇంట్లో వాటితో పప్పుచారు కోయాలా? తర్వాత బుద్ధొచ్చి ఒక్కటే మంచిది కొందామని 8 అంగుళాల జపాన్ కత్తి తెప్పించా. "ఇది మేకను కోసేదిరా" అని అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక దాచేసింది.

కత్తిపీట మీద కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది, రెండు చేతులూ దాని మీదే ఉంటాయి. చేతికత్తితో అంతా రివర్స్. 30 ఏళ్ల అలవాటును తిరగరాయాలంటే పెద్ద కత్తి భయపెడుతుంది. చిన్న చాకేమో మొండిది. మొండి కత్తే ఎక్కువ ప్రమాదం. పదును లేకపోతే బలంగా నొక్కుతాం, టమాటా తొక్క మీద అది జారుతుంది, ఆ బలమంతా వేలి మీదికొస్తుంది. అమ్మకు జరిగింది అదే.

స్టీలు గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెబుతారు. జర్మన్ రకం కత్తులు సాధారణంగా 56-58 దగ్గర ఉంటాయి, జపాన్ రకాల్లో చాలావరకు 60 పైనే. గట్టిదైతే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, నిజమే. కానీ పెళుసు కూడా. ఎముకో, ఎండుకొబ్బరో, ఆవకాయ మామిడి టెంకో తగిలితే అంచు చిట్లి గాట్లు పడతాయి. (ఆవకాయ కాయలు బజారులో కొట్టించుకోండి, ఏ వంటింటి కత్తినీ ఆ పనికి పెట్టొద్దు.) కార్బన్ స్టీలుకు పదును బాగా ఎక్కుతుంది. అయితే నిమ్మకాయ పులుపు తగిలితే నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు. మన ఇళ్లలో సింకులోనే గంటలు గడుస్తాయి కాబట్టి నా ఓటు మామూలు స్టెయిన్‌లెస్‌కే.

ఈసారి ఆన్‌లైన్ మానేసి అమ్మను స్టీలు సామాన్ల షాపుకు తీసుకెళ్లా. చేత్తో పట్టుకుని చూస్తే తెలిసేవి ఫొటోలో తెలియవు. పిడి పట్టుకుని కత్తి అంచును బల్లకు ఆనిస్తే వేళ్ల కణుపులు బల్లకు తగలకూడదు. సన్నటి చాకుల్లో చాలావాటికి ఈ చోటే ఉండదు. తడిచేత్తో పట్టుకున్నా పిడి జారకూడదు. అమ్మ 6 అంగుళాల వెడల్పాటి తేలిక కత్తి ఒకటి, వెల్లుల్లికీ తొక్కలకూ చిన్నదొకటి తీసుకుంది. రెండూ కలిపి 700 కూడా కాలేదు. నా జపాన్ కత్తి ధర ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

కత్తి కొన్నంత మాత్రాన అయిపోదు. గ్రానైట్ గట్టు మీదో, స్టీలు పళ్లెంలోనో కోస్తే వారంలో పదును మాయం. గాజు బోర్డూ అంతే. చెక్కదో, ప్లాస్టిక్‌దో బోర్డు తీసుకుని, జారకుండా కింద తడిగుడ్డ వేయండి. కూరగాయ పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి ముడవాలి. ఇది అమ్మకు అలవాటయ్యేసరికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ నాకు తిట్లే.

సాన సంగతి. బండి మీద తిరిగే చక్రానికి పెడితే సన్నటి అంచు వేడెక్కి మెత్తబడే ప్రమాదం ఉంది. నేను 1000 నంబరు సానరాయి కొన్నా. నీళ్లతో తడిపి, అంచును 15-20 డిగ్రీల కోణంలో పెట్టి రెండు వైపులా సమానంగా రుద్దడమే. మొదటిరోజు నేను మరింత మొండి చేసి పెట్టాననుకోండి, అది వేరే కథ. పండిన టమాటా మీద ఆనించి లాగితే, నొక్కకుండానే తొక్క తెగాలి. అప్పుడు పని అయినట్టు.

మొన్న ఇంటికెళ్తే అమ్మ ఎత్తు స్టూలు మీద కూర్చుని వంకాయలు కోస్తోంది. వేలికి కట్టు లేదు. కత్తిపీట మాత్రం పొయ్యిగట్టు కిందే ఉంది. ఇంకా ఎందుకమ్మా అంటే, "దానికి కోరాము ఉందిగా, కొబ్బరి ఎవరు కోరతారు? ఇప్పుడు ఆ పని మీ నాన్నది" అంది. నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు.