రాతిలో కథ.. కథలో బొమ్మ

విమానం శంషాబాద్‌లో దిగేముందు కిటికీలోంచి కిందికి చూడండి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు కనిపిస్తాయి. పేర్చింది ఎవరూ కాదు. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్‌ను ఎండా వానా కలిసి అలా మలిచాయి.

కొన్నిటిని మాత్రం మనిషే నిలబెట్టాడు. తెలంగాణ పల్లెల్లో పెద్దపెద్ద బండలతో కట్టిన పురాతన సమాధులను ‘రాక్షస గుళ్లు’ అంటారు. అంతంత రాళ్లు మామూలు మనుషులు ఎత్తగలరా అని! నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డునున్న నిలువురాళ్లలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ఆ రాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి.

ఐర్లాండ్‌లోనూ అంతే. అక్కడి రాతిసమాధులను, లేచిపోయిన ప్రేమజంట డియర్మిడ్, గ్రానియాల పాన్పులంటారు. ఆ దేశపు వీరగాథ ‘టాన్’ ఆంగ్లానువాదానికి 1969లో లూయీ లె బ్రోకీ నల్లసిరాతో బొమ్మలు వేశారు. ప్రచురించిన సంస్థ పేరేంటో తెలుసా? డాల్మెన్ ప్రెస్. డాల్మెన్ అంటే రాతిసమాధే!

మనకూ ఉన్నారు. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ తన ఊరి మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ ఎచింగుల్లోకి తెచ్చి పేరు తెచ్చుకున్నారు.

కానీ బొమ్మ కంటే ముందు రాయి ఉండాలిగా! హైదరాబాద్ చుట్టూ గుట్టలు కరిగిపోతుంటే, కాపాడదామని 1996లోనే ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. కంకరైపోయిన బండను ఏ సొసైటీ తిరిగి తేగలదు?

ఈ ఆదివారం పిల్లల చేతికి పెన్సిలిచ్చి దగ్గర్లోని గుట్టకు తీసుకెళ్లండి. ఆ బండనేమంటారో అక్కడి పెద్దవాళ్లనడగండి. సగం బొమ్మ ఆ పేరులోనే ఉంటుంది.