రీసైక్లింగ్ అని బోర్డు పెడితే చాలదు, షరతులు కాగితం మీదికి రావాలి

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంది. అయినా చివరిదాకా చదవండి. ఇది మన కయ్యల గురించి, మన చెరువు గురించి.

మన పక్క ఫ్యాక్టరీ వాళ్ళు ఇప్పుడు చేస్తున్న పనికి తోడు గాజు రీసైక్లింగ్ కూడా పెడతామని పర్మిషన్‌కి అర్జీ పెట్టుకున్నారు. అర్జీ పెట్టి నెల దాటిందని అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో అప్పుడే రెండు పార్టీలైపోయాయి. ఒకరేమో "రీసైక్లింగే కదన్నా, చెత్త తగ్గుతుంది, మన పిల్లకాయలకి నాలుగు ఉద్యోగాలొస్తాయి, మనకెందుకు గొడవ" అంటారు. ఇంకొకరేమో "గాజంటే విషం, ఊపిరితిత్తులు పోతాయి, గేటుకి అడ్డం కూర్చుందాం పదండి" అంటారు. ఇద్దరినీ నేను అడిగేది ఒకటే. ఆ అర్జీలో ఏముందో మీలో ఎవరన్నా చూశారా?

ముందు రెండో పార్టీకి చెప్తా. గాజు రీసైక్లింగ్ చెడ్డ పని కాదు. ఇసక, సోడా యాష్, సున్నపురాయి కలిపి 1,500 డిగ్రీల దగ్గర కరిగిస్తే గాజు అవుతుంది. గూడూరు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే సిలికా ఇసక గాజు ఫ్యాక్టరీలకి పోయేదే. పాత సీసాల పెంకు ఒక టన్ను కొలిమిలో వేస్తే సుమారు 1.2 టన్నుల కొత్త ముడిసరుకు మిగులుతుంది. పెంకు తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి ప్రతి 10 శాతం పెంకుకి దాదాపు 2.5 నుంచి 3 శాతం ఇంధనం ఆదా అవుతుంది. అంటే తవ్వే నేలా తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. దీన్ని కాదనడానికి లేదు.

ఇంకో మాట. గాజు పొడి వేరు, పలుగురాయి పొడి వేరు. సిలికోసిస్ తెచ్చేది పలుగురాయిలో, ఇసకలో స్ఫటికంగా ఉండే సిలికా. కరిగి గాజు అయ్యాక ఆ స్ఫటికం ఉండదు. అలాగని గాజు దుమ్ము మంచిదని కాదు, కళ్ళకీ గొంతుకీ బాధే. కానీ మీటింగులో లేచి సిలికోసిస్ అని అరిచారనుకోండి, వాళ్ళ ఇంజనీరు రెండు నిమిషాల్లో మన నోరు మూయిస్తాడు. ఆ తర్వాత మనం నిజం చెప్పినా ఎవరూ వినరు.

ఇక మొదటి పార్టీ. "రీసైక్లింగే కదా" అంటున్నారు. ఏ గాజు? సారా సీసాలు, కిటికీ అద్దాలు ఒక రకం. పాత టీవీల పిక్చర్ ట్యూబులో సీసం ఉంటుంది. ట్యూబ్‌లైట్లో పాదరసం ఉంటుంది. కారు ముందద్దంలో మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. సోలార్ పలకలు వేరే సంగతి, 2022లో తెచ్చిన ఈ-వేస్టు రూల్సులో వాటిని కూడా చేర్చారు. ఇవన్నీ గాజే, అన్నీ రీసైక్లింగే. మరి మన ఊరికి వచ్చేది ఏది?

ఏం పని చేస్తారు? పెంకు కడిగి, నలగ్గొట్టి, లారీకెత్తి అమ్ముకోవడం ఒక పని. ఇక్కడే కొలిమి పెట్టి కరిగించడం ఇంకో పని. కొలిమి అంటే పొగగొట్టం, దాంట్లోంచి వచ్చే నుసి, వాయువులు. బొగ్గు కొలిమి వేరు, గ్యాసు కొలిమి వేరు. ఈ రెంటికీ ఒకే కాగితం చెల్లదు.

కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? సీసాలో మిగిలిన బీరు, కూల్‌డ్రింకు, లేబుళ్ళ జిగురు, అన్నీ ఆ నీళ్ళలోకే. ఇది రసాయనాల విషం కాదు, కుళ్ళే సరుకు. కానీ చెరువులోకి పోతే అది కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న గాలిని లాగేసుకుంటుంది, చేపలు తేలతాయి. మన చెరువుకి పై భాగాన వాళ్ళ గోడ ఉంది. వానాకాలం నీళ్ళు ఎటు పారతాయో మీకు నేను చెప్పాలా?

అన్నిటికన్నా పెద్దది, ఎవరూ మాట్లాడనిది చెప్తా. గాజు కుళ్ళదు. ఎరువు సంచి కుట్టుదారమైనా పదేళ్ళకి చివుకుతుంది, గాజుపెంకు మన మనవళ్ళ కాలానికి కూడా అట్లాగే ఉంటుంది. లారీ మీద పట్టా కప్పకపోతే రోడ్డు పక్కన రాలుతుంది, వానకి కాలవలోకి, కాలవలోంచి కయ్యలోకి వస్తుంది. మన కయ్యల్లో నాట్లేసే ఆడోళ్ళు చెప్పులేసుకుని దిగరు. బురదలో పెంకు కనపడదు. ఎద్దు కాలికి దిగినా, ట్రాక్టరు టైరుకి దిగినా ఖర్చు మనదే. ఏరి పక్కన పడేసిన మూతలు, రాళ్ళు, పింగాణీ ముక్కల రిజెక్టు కుప్ప ఎక్కడికి పోతుందో కాగితంలో లేకపోతే పోరంబోకుకో చెరువు కట్ట పక్కకో పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. "పాత ఫ్యాక్టరీకి పర్మిషన్ ఉంది కదా, అదే సర్వే నంబరు, అదే గోడ, లోపల ఇంకో షెడ్డు వేసుకుంటే మళ్ళీ ఏంటి" అని ఒక పెద్దమనిషి గ్రూపులో పెట్టాడు. అది తప్పు. 1974 నీటి కాలుష్య చట్టం 25వ సెక్షన్ చూడండి. మురుగు వదిలే కొత్త పరిశ్రమే కాదు, ఉన్నదాన్ని పెంచినా, దానికి ఇంకోటి చేర్చినా, ముందే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. కట్టడానికి ముందు సీఎఫ్ఈ, నడపడానికి ముందు సీఎఫ్ఓ. గాలికి సంబంధించి 1981 చట్టం 21వ సెక్షన్ ఉంది. పాత పర్మిషన్ పాత పనికే.

మరి పబ్లిక్ హియరింగ్ పెడతారు కదా, అప్పుడు అడుగుదాం అంటారేమో. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో జాబితా ఉంది. సిమెంటు ఉంది, సోడా యాష్ ఉంది, గాజు లేదు. జాబితాలో లేని పనికి టెంటు వెయ్యరు, మైకు పెట్టరు, మనల్ని పిలవరు. ఫ్యాక్టరీకీ ఆఫీసుకీ మధ్య కాగితాలు నడుస్తాయి, అంతే. ఇది అన్యాయం అని నేనంటాను. నీళ్ళు తాగేది మనం, మనల్ని అడగాల్సిన పని లేదంటే ఏం చట్టమిది?

ఇంకో ప్రమాదం కూడా అదే సెక్షన్ 7వ క్లాజులో ఉంది. అర్జీ పూర్తిగా ఉండి, 4 నెలల్లో మండలి ఇవ్వనూ లేదు, కాదననూ లేదు అనుకోండి. అప్పుడు అనుమతి ఇచ్చినట్టే లెక్క. అదీ ఏ షరతూ లేకుండా! నెల ఇప్పటికే పోయింది. మనం కూర్చుని వాట్సాప్‌లో తిట్టుకుంటుంటే మిగతా మూడు నెలలూ పోతాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగితే ఏం లాభం?

పటాన్‌చెరు దగ్గర నక్కవాగు సంగతి విన్నారుగా. అక్కడివి రసాయన ఫ్యాక్టరీలు, గాజు కాదు. నేను చెప్పేది ఆలస్యం గురించి. వాగు పాడయ్యాక, 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, రైతులకి పరిహారం వచ్చింది. పరిహారం ఖర్చైపోతుంది, చెడిన నీళ్ళు అట్లాగే ఉంటాయి.

అందుకే నేను చెప్పేది ఇది. వద్దని గేటు దగ్గర కూర్చోవద్దు, మంచిదని ఇంట్లోనూ కూర్చోవద్దు. అనుమతి కాగితంలో ఈ షరతులు రాయించాలి:

1. సీసా గాజు, కిటికీ గాజు మాత్రమే. టీవీ ట్యూబులు, ట్యూబ్‌లైట్లు, సోలార్ పలకలు గేటు లోపలికి రాకూడదు.
2. రోజుకి ఎన్ని టన్నులో అంకె ఉండాలి. కొలిమి పెడతారా లేదా, పెడితే ఇంధనమేంటో తేల్చి రాయాలి.
3. కడిగిన నీళ్ళు శుద్ధి చేసి మళ్ళీ వాళ్ళే వాడుకోవాలి. చెరువులోకి, కాలవలోకి చుక్క వదలకూడదు. వాన నీళ్ళకి వేరే కాలవ.
4. పెంకు కుప్పలు పైకప్పు కింద, సిమెంటు నేల మీద ఉండాలి.
5. లారీలకి పట్టా తప్పనిసరి. రోడ్డు మీద రాలింది ఏ రోజుది ఆ రోజు వాళ్ళే ఊడవాలి.
6. రిజెక్టు ఎవరికి, ఎంత పంపారో లెక్క రాయాలి.
7. నీళ్ళు ఎక్కడివో చెప్పాలి. బోరైతే మీటరు పెట్టాలి. వాల్టా చట్టం మన బోర్లకేనా, వాళ్ళకి లేదా?
8. దుమ్ము, శబ్దం, నీళ్ళు కొలిచేటప్పుడు పాత పని, కొత్త పని కలిపి కొలవాలి. విడివిడిగా చూస్తే రెండూ పాసవుతాయి, కలిసి మన మీద పడతాయి.

కాగితం మీద ఎందుకని ఇంత పట్టు? ఆ ఫ్యాక్టరీ వచ్చిన రోజుల్లో టెంటు కింద చెప్పిన మాటలు గుర్తున్నాయిగా. చెట్లు పెంచుతాం, రోడ్డు రోజూ తడుపుతాం అన్నారు. ఆ చెట్లెక్కడున్నాయో మీరే చూపించండి. మాటలు నీటి మూటలు. మండలి రాసిన షరతులకి మాత్రం రిజిస్టరు ఉంటుంది. 25వ సెక్షన్ 6వ క్లాజు ప్రకారం దానివల్ల దెబ్బతినే ఎవరైనా ఆ రిజిస్టరు చూడొచ్చు. అందులో ఉన్న షరతే కోర్టులో తిరుగులేని సాక్ష్యం. ఇది మనకి ఎవరో దయతో ఇచ్చింది కాదు, హక్కు.

చెయ్యాల్సిన పనులు మూడు. ఒకటి, 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అర్జీ నకలు, పాత అనుమతి షరతులు అడగడం. 30 రోజుల్లో ఇవ్వాలి. రెండు, గ్రామసభలో ఈ ఎనిమిదీ తీర్మానం చేయించడం. మూడు, ఆ తీర్మానం, మన సంతకాలు కలిపి మండలి ప్రాంతీయ ఆఫీసులో పర్యావరణ ఇంజనీరుకి, కలెక్టరు గ్రీవెన్సులో ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవడం. నోటితో చెప్పి రావద్దు. రేపు అనుమతి మన నెత్తిన పడేలా ఇస్తే, చెన్నైలో గ్రీన్ ట్రిబ్యునల్ బెంచి ఉంది. అక్కడ గడువు ఉంటుంది, ఆలస్యం చెయ్యకూడదు. ఆ ముద్ర ఉన్న కాగితమే అప్పుడు మన చేతిలో ఆయుధం.

ఫ్యాక్టరీ వాళ్ళు నిజంగా మంచి పనే చేస్తుంటే ఈ ఎనిమిదిలో ఏ ఒక్కదానికీ అభ్యంతరం ఉండకూడదు. అభ్యంతరం దేనికి చెప్తారో, వాళ్ళు చెయ్యబోయేది అదే అని అర్థం చేసుకోండి.

తీర్మానం కాగితం నేను రాసి పెట్టాను. సంతకం చేసేవాళ్ళు కింద కామెంట్లో పేరు, సర్వే నంబరు పెట్టండి. ఫోన్ లేని పెద్దోళ్ళకి ఈ పోస్టు చదివి వినిపించండి.