జర్నళ్లు కొన్నారు సరే, దారి చూపేదెవరు?

‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల ఈ-జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల గడప దాకా వచ్చాయి. సంతోషమే. వాటిలోకి దారి చూపే మనిషేడీ? 2021లో మన మిరప తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు మీద పరిశోధన మొదలుపెట్టిన కుర్రాడు ‘చిల్లీ త్రిప్స్’ అని కొడితే ఎక్కువగా తగిలేది పాత పురుగు సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ సంగతులే. కొత్తదాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆ పేరుతో వ్యవసాయ పరిశోధనల డేటాబేస్ క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో వెతుకు, ముందు ఇండొనేసియా వాళ్ల పేపర్లు చూడు అని చెప్పాలంటే వ్యవసాయం తెలిసిన లైబ్రేరియన్ ఉండాలి. ఏది దొంగ జర్నలో తేల్చుకోవడానికి ప్రొఫెసర్‌కీ ఆయనే దిక్కు. మన దగ్గరేమో లైబ్రేరియనంటే బీరువా తాళాలు, నో డ్యూస్ సంతకం, మహా అయితే థీసిస్‌లో కాపీ శాతం తీసిచ్చే కౌంటరు! పాఠకుడి సమయం ఆదా చెయ్యాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రం రాసిపెట్టారు. కనీసం వ్యవసాయం, వైద్యం, న్యాయశాస్త్రాలకైనా ఒక్కొక్కరిని వేయండి. కుర్చీ మాత్రం లైబ్రరీలో కాదు, ఆ శాఖలోనే వేయండి.